గోడలు కదలలేదు, వరుసలు తిరిగాయి

ఇస్తాంబుల్‌లోని అయాసోఫియాను జస్టీనియన్ చక్రవర్తి చర్చిగా నిర్మింపజేయగా అది 537లో పూర్తయింది. 558లో గుమ్మటం కూలితే, 562 నాటికి మరింత ఎత్తుగా మళ్లీ నిలిపారు. 1453లో నగరాన్ని జయించిన సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ దానిని మస్జిదుగా మార్చాడు. అయితే కట్టడపు ముఖం ఖిబ్లా దిశకు సరిగా లేదు. గోడలను కదల్చలేదు, మెహ్రాబును మధ్యరేఖకు కొంత పక్కగా అమర్చారు. 1934 నిర్ణయంతో మ్యూజియంగా మారి, 2020లో తిరిగి మస్జిదైన ఆ కట్టడంలో నేటికీ నమాజు వరుసలు గోడలకు ఏటవాలుగానే సాగుతాయి.

16వ శతాబ్దంలో వాస్తుశిల్పి సినాన్ వెలుపల ఊతగోడలు కట్టి, అన్యులు నిర్మించిన ఆ గుమ్మటానికి అండ కల్పించాడు. పరుల శ్రమ మన చేతికి వచ్చినప్పుడు అది మనకు అమానతు. ఖిబ్లాకు తిరగవలసినవి రాళ్లు కావు, మన హృదయాలు. అల్లాహ్ మనకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.