నీళ్లలో దిగితేనే కనిపించే కళ

ఎగ్జిబిషన్‌ అనగానే మనకు నాంపల్లి నుమాయిష్‌, మిర్చి బజ్జీలు గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. 2016 డిసెంబరులో ఫోర్ట్‌ కోచిలో మొదలైన కోచి-ముజిరిస్‌ బినాలేలో ఆస్పిన్‌వాల్‌ హౌస్‌లోని ఓ పాత గోడౌన్‌ను సముద్రపు నీటితో నింపారు. చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచి, నీళ్లలో నడుచుకుంటూ అవతలి గోడ దాకా వెళ్లాలి. అక్కడున్న అక్షరాలు చదవాలి. గట్టు మీదే ఫొటో తీసుకుని వచ్చేస్తే చూసినట్టు కాదు.

దాని పేరు ‘సీ ఆఫ్‌ పెయిన్‌’. చేసింది చిలీ కవి రౌల్‌ సురీటా. 2015లో టర్కీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్‌ కుర్దీ ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే పడవ మునిగి వాడి అన్న గాలిప్‌ కూడా చనిపోయాడు. అలాంటి ఫొటో గాలిప్‌కు లేదు. ఎవరికీ గుర్తులేని ఆ అన్నకే సురీటా దీన్ని అంకితమిచ్చాడు. అది తెలిశాక కాళ్లకు తగులుతున్న నీళ్లు మామూలు నీళ్లలా అనిపించవు.

అన్నట్టు, సురీటా చదివింది సివిల్‌ ఇంజినీరింగ్‌! 1973లో చిలీలో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు అతన్ని పట్టుకెళ్లి ఓ సరకుల ఓడ అడుగున బంధించింది. ఆ పాలనలో చంపినవాళ్లలో కొందరిని సముద్రంలో పడేశారు. అందుకే అతనికి సముద్రం అంటే బీచ్‌ కాదు.

‘దీని అర్థమేంటి?’ అని వెంటనే వెతక్కండి. ‘నాకెందుకు ఇబ్బందిగా ఉంది?’ అని కాసేపు ఆగి చూసుకోండి. ఇలాంటి చోట సందర్శకులతో మాట్లాడే ఆర్ట్‌ మీడియేటర్ల పనిలో పెద్ద భాగం ఇదే. అర్థం అప్పజెప్పడం కాదు, ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం. క్యూరేటర్లు, లైటింగ్‌వాళ్లు, కళాకృతుల్ని జాగ్రత్తగా ప్యాక్‌ చేసి తరలించేవాళ్లు, పాడైనవాటిని బాగుచేసే కన్జర్వేటర్లు... తెరవెనక చాలామందే ఉంటారు. కాంట్రాక్టు పనులే ఎక్కువ, నెలనెలా జీతం వస్తుందన్న భరోసా తక్కువ. ఇంట్లో ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

ఫైన్‌ ఆర్ట్స్‌ చదవాలంటే హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ, జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. మ్యూజియాలజీ, కన్జర్వేషన్‌లో పీజీకి నోయిడాలోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ హెరిటేజ్‌ ఉంది. ఇప్పటికే ఆర్ట్‌ కాలేజీలో ఉన్నవాళ్లయితే కోచిలోనే స్టూడెంట్స్‌ బినాలే జరుగుతుంది, దాని ప్రకటన మీద ఓ కన్నేసి ఉంచండి.