ఉప్పుగాలిలో బ్రేకు పైపు

నెల్లూరు తీరంలో మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద పాత సుమోలు, బొలెరోలు, స్కార్పియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మేత బస్తాలు, ఏరేటరు మోటార్లు, డీజిలు డబ్బాలు, మనుషులు అన్నీ వాటి మీదే. ఇంజను గట్టిది, గేర్లు గట్టివి, కాబట్టి యజమాని బండిని అమ్మడు. అమ్మాల్సిన పనీ లేదు. కానీ అలాంటి బండిని ఎత్తి, ఛాసిస్ వెంట వెనక చక్రాల దాకా టార్చి వేసి చూసినవాళ్ళు తక్కువ. అక్కడొక సన్నటి ఉక్కు గొట్టం ఉంటుంది. బయటి కొలత 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం దాదాపు 0.7 మిల్లీమీటరు. రెండు టన్నుల బరువును ఆపమని మన కాలు ఇచ్చే ఆజ్ఞ వెనక చక్రాలకు చేరేది ఆ గొట్టంలోంచే. తీరప్రాంతంలో ఆ బండికున్న భాగాలన్నిటిలో ముందుగా భయపడాల్సింది దాని గురించే అని నేను గట్టిగా నమ్ముతాను.

దాని పుట్టుక చాలా వెనక్కి పోతుంది. మూసిన పాత్రలో ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుందని ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దం మధ్యలో రాశాడు. 1662లో ఆయన పోయాక, మరుసటి ఏడు ఆ రచన అచ్చయింది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అదే సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని కారు చక్రాల దాకా తీసుకెళ్ళడానికి ఇంకో నూరేళ్ళకు పైగా పట్టింది. తొలినాటి కార్లకు ఇనుప కడ్డీలు, తీగలతో బ్రేకులు లాగేవారు. ఒక తీగ కాస్త సాగితే ఒక చక్రం ముందు పడుతుంది, ఇంకోటి వెనక పడుతుంది, బండి పక్కకు తిరుగుతుంది. ముందు చక్రాలు మలుపు తిరుగుతాయి కాబట్టి వాటికి కడ్డీలతో బ్రేకు పెట్టడం మరీ కష్టం. అందుకే చాలాకాలం వెనక చక్రాలకు మాత్రమే బ్రేకులుండేవి.

ఈ చిక్కు విప్పినవాడు అమెరికావాడు మాల్కమ్ లాక్‌హీడ్. విమానాల లాక్‌హీడ్ ఉందే, ఆ అన్నదమ్ముల్లో ఒకడు. 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. తర్వాత విమానాల పని విడిచి, డెట్రాయిట్ చేరి బ్రేకుల కంపెనీ పెట్టాడు. 1921 జులైలో లె మాన్స్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో జిమ్మీ మర్ఫీ నడిపిన డ్యూసెన్‌బర్గ్ కారు గెలిచింది. దానికి నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులే. ఆలస్యంగా బ్రేకు వేసి, ముందుగా మలుపు తీసుకోగలిగింది. డ్యూసెన్‌బర్గ్ కంపెనీ మోడల్ ఎ ఆ రకం బ్రేకులతో అమ్మకానికి వచ్చిన తొలి ప్రయాణికుల కారు. 1924లో క్రైస్లర్ ఈ బ్రేకులను మధ్యతరగతి కొనగల కారులోకి తెచ్చింది. తోలు బిరడాలు కారుతుంటే రబ్బరు బిరడాలు వేయించింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం కడ్డీలనే నమ్ముకుని 1939 మోడళ్ళ దాకా మొరాయించాడు. గొట్టం పగిలితే ఏమవుతుందన్న ఆనాటి సందేహం మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు.

ఆ సందేహానికి మొదటి జవాబు గొట్టం తయారీలోనే దొరికింది. 1920లలో డెట్రాయిట్‌లోనే హ్యారీ బండీ అనే ఆయన రాగిపూత వేసిన పల్చటి ఉక్కు పట్టీని చాప చుట్టినట్టు రెండు చుట్లు చుట్టి, కొలిమిలో కాల్చి, ఆ రాగి కరిగి పొరలు ఒకదానికొకటి అతుక్కునేలా చేశాడు. రెండు పొరలున్న గొట్టం కాబట్టి ఒక పొరలో లోపం ఉన్నా రెండోది కాస్తుంది. సులభంగా వంగుతుంది, ఇంజను అదురుకు పగలదు, చవక. మన మెకానిక్కులు బండీ పైపు అని పిలిచేది దీన్నే. దాదాపు నూరేళ్ళుగా ప్రపంచంలోని కార్ల బ్రేకులన్నీ ఎక్కువగా దీనిమీదే నడిచాయి. రెండో జవాబు 1960లలో వచ్చింది. మాస్టర్ సిలిండర్‌ను రెండు గదులుగా చేసి, ఒక గది పైపు తెగినా రెండో గది కనీసం రెండు చక్రాలను పట్టేలా చేశారు. అమెరికాలో ఆ దశాబ్దం చివరికి ఇది తప్పనిసరి అయింది. మన పాత బొలెరోలో వెనక పైపు తెగినా ముందు డిస్కులు పనిచేసేది అందుకే. కానీ పెడల్ చాలా లోతుకు పోతుంది, బండి ఆగే దూరం బాగా పెరుగుతుంది. లోడు మీద ఉన్నప్పుడు ఆ తేడా ప్రాణాంతకం.

గొట్టంలో ఒత్తిడి ఎంతో చూద్దాం. కాలితో 30 కిలోల బలం వేస్తే, పెడల్ పొడవు దాన్ని అయిదింతలు చేసి 150 కిలోలుగా మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద పెడుతుంది. ఆ పిస్టన్ ముఖం నాలుగు చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 37 కిలోల పైచిలుకు. బూస్టరు సాయం చేస్తే గట్టి బ్రేకులో అది 80, 100 కిలోలకు చేరుతుంది. కారు టైరులో ఉండేది రెండు కిలోల చిల్లర మాత్రమే. కొత్త పైపుకు ఈ ఒత్తిడి లెక్కలోది కాదు, దీనికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తుప్పు గోడను ముప్పాతిక వంతు తినేసినా, రోజువారీ మెల్లటి బ్రేకును ఆ మిగిలిన పలుచటి పొర మోస్తూనే ఉంటుంది. పెడల్‌లో తేడా తెలియదు, ఆయిల్ తగ్గదు. ఎదురుగా గేదె అడ్డమొచ్చి, ప్రాణభయంతో కాలు నేలకు తొక్కిన క్షణాన ఒత్తిడి మూడు నాలుగింతలవుతుంది. పైపు తెగేది అప్పుడే.

మన తీరంలో ఆ గోడను తినేది ఏమిటి? అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి, నీరు ఆరిపోయి, ఉప్పు రేణువులుగా లోపలికి వస్తుంది. తీరం నుంచి మొదటి కిలోమీటరులో ఈ ఉప్పు చాలా ఎక్కువ, తర్వాత త్వరగా పల్చబడుతుంది. ఇక గుంటల దగ్గర ఏరేటర్లు రేయింబవళ్ళు ఉప్పునీటిని ఎగజిమ్ముతూనే ఉంటాయి. గట్టు మీద బురద కూడా ఉప్పుదే, అది చక్రాల నుంచి ఛాసిస్ మీదికి చిమ్ముతుంది. ఉప్పు ఎండితే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే తేమను పీల్చి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతం తేమకే కరుగుతుంది. అంటే నెల్లూరు తీరంలో బండి కింద అంటుకున్న ఉప్పుపొర వానపడని రోజుల్లో కూడా తడిగానే ఉంటుంది.

మనకు వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఆ వాన కూడా బండి పైభాగాన్నే కడుగుతుంది, అడుగుభాగాన్ని కాదు. కాబట్టి కింద ఉప్పు పేరుకుంటూనే పోతుంది.

అన్నిటికన్నా ముందు పుచ్చిపోయేది పైపును ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పు కింద. క్లిప్పు లోపలికి ఆక్సిజన్ సరిగా అందదు, బయట అందుతుంది. ఈ తేడా వల్లనే లోపలి ఇనుము కరగడం మొదలుపెడుతుంది. కరిగిన ఇనుము దగ్గరికి క్లోరైడ్ చేరి, నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మరింత ఇనుమును కరిగిస్తుంది. క్లోరైడ్ ఖర్చు కాదు, మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. పైపు మీద జింకు పూతో ప్లాస్టిక్ పొరో ఉన్నా, కంకర రాళ్ళు తగిలి గీత పడ్డచోట ఇదే జరుగుతుంది. పైకి చూస్తే క్లిప్పుకు అటూ ఇటూ కాస్త ఎర్రగా కనిపిస్తుంది, కింద సగం గోడ ఉండదు. తుప్పు గురించి మన దేశంలో దీర్ఘకాలం పనిచేసింది కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ. వాళ్ళకు తమిళనాడు తీరంలో మండపం దగ్గర సముద్రపు గాలిలో లోహాలను పరీక్షించే కేంద్రమే ఉంది. తీరప్రాంతపు గాలి లోహానికి ఎంత చేటో వంతెనలు కట్టే ఇంజనీర్లకు తెలుసు. కార్లు కొనేవాళ్ళకు ఎవరూ చెప్పరు.

మంచు దేశాల్లో ఈ గొడవ రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల వచ్చింది. అమెరికాలో 1999 నుంచి 2003 దాకా తయారైన జనరల్ మోటార్స్ పికప్పులు, ఎస్‌యూవీలు కలిపి సుమారు 50 లక్షల బండ్ల బ్రేకు పైపుల తుప్పు మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి విచారించింది. చివరికి 2015లో దాన్ని వెనక్కి పిలవాల్సిన లోపంగా కాక, వయసుతో వచ్చే అరుగుదలగా తేల్చి విచారణ ముగించింది. బండ్ల అడుగుభాగం కడుక్కోండి, పైపులు చూసుకోండి అని యజమానులకు చెప్పింది. ఆ తీర్పు నాకు నచ్చలేదు. పైపును ఏ లోహంతో చేయాలో ఎంచుకునేది కంపెనీ, తుప్పు పట్టాక మోసేది మాత్రం యజమాని. పైగా అప్పటికే మెరుగైన లోహం ఉంది. 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్ కలిసిన మిశ్రమాన్ని ఓడల్లో సముద్రపు నీరు పారే గొట్టాలకు ఎన్నాళ్ళుగానో వాడుతున్నారు. స్వీడన్‌లో వోల్వో 1976 నుంచే తన కార్ల బ్రేకులకు ఆ గొట్టం వేసింది. అది ఉప్పుకు చలించదు, చేత్తో వంగుతుంది, అంచు విప్పితే (ఫ్లేర్ చేస్తే) చిట్లదు. ఖరీదు ఉక్కు పైపు కంటే ఎక్కువే, కానీ ఒక బండికి పట్టేది కొన్ని మీటర్లు.

ఇక మార్చే పని. పని తెలిసినవాళ్ళు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, అయితే జాకీని నమ్ముకుని బండి కింద దూరకూడదు. గట్టి నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు వేయాలి. తుప్పుపట్టిన నట్టు మీద మామూలు స్పానర్ వేస్తే మూలలు అరిగిపోతాయి. నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ స్పానర్ కావాలి. తుప్పు వదిలించే నూనె ముందురోజే వేసి నాననివ్వాలి. పైపును హాక్సా బ్లేడుతో కోయకూడదు, రజను లోపలికి పోతుంది. ట్యూబ్ కట్టరుతో కోసి అంచు నున్నగా చేయాలి. నట్టును ముందే ఎక్కించి, తర్వాతే అంచు విప్పాలి. అంచులు రెండు రకాలు: లోపలికి మడిచిన జంట అంచు ఒకటి, గుండ్రటి బుడిపె ఒకటి. పాత పైపుకు ఏది ఉందో అదే చేయాలి. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే కారుతుంది. ఒక్క పొర అంచు మాత్రం ఎప్పుడూ పనికిరాదు, అది చిట్లుతుంది.

కొత్త పైపును పాతదాని వంపుల ప్రకారమే వంచి, సైలెన్సరుకు దూరంగా, ప్రతి క్లిప్పూ తిరిగి పెట్టి బిగించాలి. క్లిప్పు లేకపోతే అదురుకు పైపు అరిగి తెగుతుంది. ఆ తర్వాత గాలి తీయాలి. నొక్కితే ద్రవం కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పైపులో బుడగ మిగిలితే పెడల్ మెత్తగా పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం సాధారణ పద్ధతి, మాన్యువల్‌లో వేరే చెబితే అదే పాటించాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఒకరు చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ తెరిచి మూయాలి. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకూడదు. ఎబిఎస్ ఉన్న బండికి కొన్నిసార్లు కంప్యూటరుతోనే గాలి తీయాలి, అది వర్క్‌షాపు పని. బ్రేక్ ఆయిల్ విషయంలో రెండు మాటలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 అయితే 230, 155. మన తీరం తేమకు రెండేళ్ళకోసారి మార్చడం మంచిది. ఇంజన్ ఆయిల్ గాని, కిరోసిన్ గాని దాంట్లో చుక్క పడినా రబ్బరు బిరడాలు ఉబ్బి మొత్తం పాడైపోతుంది.

చేతకాని పనికి దిగనక్కర్లేదు. మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. కానీ ఏం చేయించుకుంటున్నారో తెలిసి చేయించుకోండి. కారుతున్న చోటే కోసి ముక్క అతికించడం, వెల్డింగ్ పెట్టడం, ఆ చక్రానికి ఆయిల్ వెళ్ళకుండా పైపు మూసేసి ఇంటికి పంపడం: ఇవన్నీ జరుగుతుంటాయి. మూడోది మరీ ఘోరం. ఒక పక్క మాత్రమే పట్టే బ్రేకుతో బండి తడిరోడ్డు మీద గిరుక్కున తిరుగుతుంది. ఫ్రిజ్ పనికి వాడే మామూలు రాగి గొట్టం తగిలించడం కూడా ప్రమాదమే. అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. ఒకచోట పుచ్చితే మిగతాచోట్ల పుచ్చుతున్నట్టే, అదే ఉప్పు, అదే వయసు. వెనక పైపు మొత్తం మార్పించండి. వీలైతే రాగి నికెల్ మిశ్రమం పైపు తెప్పించమని అడగండి. తీర జిల్లాల్లో అమ్మే ప్రతి కొత్త బండికీ కంపెనీలే దాన్ని వేయాలన్నది నా కోరిక. అంతవరకూ మన జాగ్రత్త మనదే.

పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఎలాగూ తనిఖీ ఉంటుంది. ఆ రోజుకోసం ఆగకండి. ఈ నెల బండి సర్వీసుకిచ్చినప్పుడు పైకెత్తించి, వెనక ఇరుసు దాకా ప్రతి క్లిప్పు కిందా టార్చి వేసి చూడండి. బీచికో గుంటలకో వెళ్ళొచ్చాక అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి.