పండునకు గల న్యాయము బిడ్డకు లేదా?

నూజివీడు సీమలో మామిడితోటను బేరమాడ వచ్చిన వర్తకుడు చెట్టు చెట్టును తిరిగి చూచును. పూత మాడినచో మాడినదనును. తేనెమంచు పట్టినచో ఆ కొమ్మను చూపి వెల తగ్గించును. రైతు కాదనును, వాదించును. తుదకు ఇరువురును ఒక మాటమీదికి వత్తురు. కారణము చెప్పక తోటను త్రోసివేయుట ఇచ్చటి వ్యవహారమున మర్యాద కాదు.

ఈ సీమకు చెందిన యొక రైతు తన రసాలతోటను బ్యాంకునకు హామీ వ్రాసి, కుమారుని విదేశవిద్యకై ఋణము మంజూరు చేయించుకొనెను. విశ్వవిద్యాలయము చేర్చుకొందుమని వ్రాసినది. బాలుడు పట్టణమునకేగి, ఒక పరాయిదేశపు వీసా కార్యాలయమున గాజు కిటికీ యెదుట నిలిచెను. మూడు ప్రశ్నలు, మూడు నిమిషములు; తరువాత ఒక అచ్చుకాగితము చేతికి వచ్చెను. అందు వానిని గూర్చిన మాట యొక్కటియు లేదు. "అయ్యా! మావాడిలో తప్పేమిటో వాళ్ళచేత చెప్పించే కోర్టు ఏదైనా ఉందాండీ?" అని తండ్రి మమ్ము అడిగెను.

అట్టి కోర్టు కొన్ని దేశములయందు కలదు, కొన్నింట లేదు. ఏది యెచ్చట కలదో తెలియకయే మనవారు దళారుల పాలబడుచున్నారు.

ముందుగా రెండు ద్వారములను వేరుపరచి చూడవలెను. ఇల్లు వెడలు ద్వారము మనది. పొరుగింట ప్రవేశించు ద్వారము పొరుగువానిది. మొదటిది పాస్‌పోర్టు, రెండవది వీసా. ఒకప్పుడు పాస్‌పోర్టు సయితము ప్రభుత్వము దయతలచి యిచ్చు వస్తువుగనే యుండెను. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ యను నాతడు సుప్రీముకోర్టున పోరాడి, విదేశయానము రాజ్యాంగపు 21వ అధికరణమున చేరిన వ్యక్తి స్వేచ్ఛయేయని తీర్పు పొందెను. ఆ యేటనే పాస్‌పోర్టు చట్టము వచ్చినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున, ఆ స్వేచ్ఛను హరించు పద్ధతి న్యాయమైనదిగ నుండవలెనని అదే న్యాయస్థానము వక్కాణించెను. మన ద్వారమును మనము ఇట్లు పోరాడి తెరచుకొంటిమి. పొరుగువాని ద్వారమునకు ఈ తీర్పులు చెల్లవు.

అమెరికా సంగతి చూడుడు. ఆ దేశపు 1952 నాటి వలస శాసనము 214(బి) విభాగమున, చదువ వచ్చు ప్రతివాడును అచ్చటనే స్థిరపడ వచ్చుచున్నాడని ముందే భావించును. కాదని అధికారి మనస్సునకు తృప్తి కలుగునట్లు నిరూపించు భారము విద్యార్థిది. దీనిపై అప్పీలు లేదు. 1972లో మాండెల్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు, చూపిన కారణము పైకి న్యాయముగను సద్బుద్ధితోను కనబడినచో తాము దాని వెనుకకు పోమనెను. 2024లో మున్యోజ్ వ్యాజ్యమున ఆ మార్గమును మరింత దృఢపరచెను. మిగిలినది, రుసుము మరల చెల్లించి మరల అడుగుటయే.

బ్రిటనులో విద్యార్థి వీసాకు పూర్వపు అప్పీలు హక్కు పోయినను, పరిపాలనాపరమైన పునఃపరిశీలనము మిగిలియున్నది. విదేశమునుండి కోరువారు నిర్ణయమందిన 28 దినములలోపల కోరవలెను. కెనడాలో, దేశము వెలుపల జరిగిన నిర్ణయముపై 60 దినములలో ఫెడరల్ కోర్టు అనుమతి కోరవచ్చును. అధికార నిర్ణయమునకు బోధపడునట్టి, సమంజసమైన కారణములుండవలెనని ఆ దేశపు సుప్రీముకోర్టు 2019లో వావిలోవ్ వ్యాజ్యమున స్థిరపరచినది. కోర్టు తానై వీసా ఇయ్యదు. దోషము కనబడినచో వేరొక అధికారి చూడుమని తిరుగ పంపును. అంతమాత్రమైనను అది న్యాయము.

ఇప్పుడు మన మామిడిపండు కథ వినుడు. 2014లో ఐరోపా సమాజము మన మామిడిని నిషేధించెను. పండు ఈగ కనబడినదని కారణము వ్రాసిరి. మనవారు శుద్ధి పద్ధతులను చక్కబరచిరి. 2015లో నిషేధము తొలగెను. అమెరికా దీర్ఘకాలము మన పండును రానీయక, వికిరణముచే పురుగును నిర్వీర్యము చేయు నిబంధనపై 2007లో తలుపు తెరచినది. దోషమేమో చెప్పిరి, పరిహారమును చెప్పిరి, పరిహరింపగా అంగీకరించిరి. పండునకు దక్కిన ఈ మర్యాద, ఆ పండును పండించినవాని బిడ్డకు దక్కవలదా?

మన యింటి దోషమును దాచుట ధర్మము కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయపు వ్యవహారమున చిక్కుకొన్న విద్యార్థులలో తెలుగువారు పెక్కురు. 2019లో బయటపడిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయము అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. అందును మనవారే హెచ్చుగ బడిరి. 2023లో కెనడాలో దొంగ ప్రవేశపత్రముల రట్టు జరిగెను. దళారి సృష్టించిన ఒక్క దొంగకాగితము వెనుక వచ్చు నూర్గురు సత్యవంతులపై అనుమానపు నీడ పరచును. కెనడాలో అసత్యమునకు అయిదేండ్ల బహిష్కారము. అమెరికాలో అది యావజ్జీవపు ఆటంకము కావచ్చును.

అయినను అనుమానము న్యాయమునకు బదులు కాజాలదు. 1917 నాటి శాసనముచే భారతీయులకు ద్వారము మూసిన అమెరికాయే విద్యార్థికి సందు విడిచినది. ఆ సందున పోయిన భీమవరపు యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డున చదివి, ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్‌ల చరిత్రలో నిలిచెను. కిటికీ యెదుట నిలిచిన బాలునిలో ఎవడున్నాడో మూడు నిమిషములలో తెలియదు.

కావున విద్యార్థులకు మా మనవి: నిరాకరణము అవమానమని క్రుంగవలదు. అడిగిన ప్రశ్నలను, చెప్పిన జవాబులను ఆనాడే వ్రాసి యుంచుకొనుడు. గడువు తేదీని మొదట చూడుడు. పరిస్థితి యేమియు మారకుండ అదే దరఖాస్తును మరల మరల పెట్టుట ధనవ్యయమే. అసత్యపు కాగితమును తాకవలదు.

ప్రభుత్వమునకు మా మనవి వేరు. 2021లో బ్రిటనుతోను, 2023లో ఆస్ట్రేలియాతోను వలసలు, రాకపోకల ఒప్పందములు చేసికొంటిమి. మన రైతుల ఋణములు వారి విశ్వవిద్యాలయముల బొక్కసములను నింపుచున్నవి. వీసా ఇచ్చితీరవలెనని మనము శాసింపజాలము. కాని, కాదన్నప్పుడు కారణము వ్రాసి యిండనియు, రెండవ అధికారి చూచు ఏర్పాటు ఉండవలెననియు ప్రతి ఒప్పందమునను అడుగవచ్చును. అది భిక్ష కాదు, వ్యవహార మర్యాద.

ఆ తండ్రికి మేము చెప్పగలిగినది కొంచెమే. వాని కుమారుడు కోరిన దేశమున కోర్టు లేదు. వచ్చు కాపునకు మరల దరఖాస్తు పెట్టించెదనని ఆయన తోటకు నీరు పెట్టబోయెను. బ్యాంకు వడ్డీ మాత్రము కాపుకొరకు ఆగదు.