వరహాకు ఇల్లెక్కడ?

చిటికెనవ్రేలి గోరంత బంగారు బిళ్ల. తూకము సుమారు 3.4 గ్రాములు. ఒకవైపు తోరణము క్రింద నిలుచున్న వేంకటేశ్వరస్వామి. రెండవవైపు నాగరిలిపిలో మూడు పంక్తులుగా “శ్రీ వేంకటేశ్వరాయ నమః”. రాజు పేరు వేరుగా లేదు. ఉండవలసిన పనియు లేదు; దేవుడును వేంకటపతియే, రాజును వేంకటపతియే. 1586 మొదలు 1614 వరకు పాలించి, రాజధానిని పెనుగొండనుండి చంద్రగిరికి తెచ్చిన ఆరవీటి వేంకటపతిదేవరాయల పేర ఈ వరహా వాసికెక్కినది.

ఈ బొమ్మ కథ ఆయనతో ముగియలేదు. 1639లో చంద్రగిరి ప్రభువుకు లోబడిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు చెన్నపట్టణపు నేలను ఆంగ్లవర్తకుల కిచ్చినపుడు, నాణెములు ముద్రించుకొను హక్కును గూడ ఆ పట్టాలో చేర్చెను. తరువాతి కాలమున కుంఫిణీవారు ముద్రించిన వరహాలలో ఒక రకముమీద తమ రాజు తల లేదు. ఇరువురు దేవేరులతో గూడిన మన స్వామియే యున్నాడు. దానికి మూడుస్వాముల వరహా యని పేరు వచ్చెను. సముద్రము దాటివచ్చిన వర్తకుడు తన నమ్మకమును ప్రక్కనబెట్టి, సంతలో రైతును షరాబును నమ్మిన బొమ్మను ఆశ్రయించినాడన్నమాట. గోరంత బంగారములో ఇంత చరిత్ర యున్నది.

చంద్రగిరి కోటలోని రాజమహలును చూపింప పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఉపాధ్యాయుని, “ఆ రాజుగారి వరహా లిపుడెక్కడ నున్నవండీ?” అని ఒక బాలుడడిగినాడనుకొందము. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడి 1953 వరకు మదరాసు రాష్ట్రములో నుండెను గనుక, ఈ సీమలో దొరికి ప్రభుత్వమునకు చేరిన నిధులకు చెన్నపట్టణపు మ్యూజియమే గమ్యము. కొన్ని వరహాలు లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మిగిలినవి వేలముపాటల పట్టికలలోను, పేరు చెప్పనొల్లని సంపన్నుల బీరువాలలోను ఉన్నవి. కరిగి గాజులైపోయిన వాటికి లెక్కయే లేదు.

పురాతనవస్తువు ప్రజలది, కావున ప్రజల మ్యూజియములోనే యుండవలెననుట సులభము. నేనును చాలకాల మట్లే తలచితిని. కాని మన నాణెములను మొదట ప్రోగుచేసిన వారెవరు? కల్నలు మెకంజీ దక్షిణదేశమును సర్వే చేయుచు, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు తెలుగు సోదరుల తోడ్పాటుతో శాసనములను, కైఫీయతులను, వానితోబాటు నాణెములను కూర్చెను. 1821లో ఆయన మరణింపగా, విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టికలో నాణెముల సంఖ్య 6,218. అప్పటికి చెన్నపట్టణమున ప్రభుత్వ మ్యూజియమే లేదు; అది 1851లో పుట్టెను. వాల్టరు ఎలియట్టు మదరాసు సివిలు ఉద్యోగి. నాణెములు సేకరించుట ఆయన ఉద్యోగధర్మము గాదు, సొంత వ్యసనము. దక్షిణభారత నాణెములపై తన గ్రంథమును 1887లో మరణించుటకు కొలదికాలము ముందు, కంటిచూపు పోయిన ముసలితనములో ముగించెను. ఆ రోజులలో పాత రాగి డబ్బులు కంచరివాని మూసలోనికి పోవుచుండగా, వానిని వెలకు గొని నిలిపినది ఇట్టి వ్యసనపరులే. ఈ ఋణమును మరచి మాటలాడుట న్యాయము గాదు.

అయినను సేకరణకర్తకొక గుణమున్నది: అతనికి మంచి నాణెము కావలెను. నాలుగువందల నాణెములున్న కుండ దొరికినచో, అందులో అక్షరము చెదరనివి పది అతడు గొనును. తక్కినవి నలుగురు వర్తకుల సంచులలో చెదరిపోవును. చరిత్రకారునకు కావలసినది ఆ పది కాదు, ఆ కుండ మొత్తము.

ఎందుకో విద్యార్థులకు సుద్దముక్కతో చెప్పవచ్చును. ఒకే పెట్టెలోనుండి వేర్వేరు దినములలో తీసిన సుద్దముక్కలలో ఎక్కువ అరిగినది ముందుగా తీసినదని ఊహింపవచ్చును గదా. గణితశాస్త్రజ్ఞుడైన దామోదర ధర్మానంద కోశాంబి తక్షశిల నిధులలోని వెండి నాణెములను ఒక్కొక్కటిగా తూచి, చేతులు మారి అరిగిన నాణెము తూకమును కోల్పోవు తీరును లెక్కగట్టి, ఏ ముద్రలవి ముందువో ఏవి వెనుకటివో వరుస నేర్పరచెను. ఆ నాణెములపై రాజుల పేర్లు లేవు, సంవత్సరములు లేవు. అయినను అవి పలికినవి. మన అమరావతి నిధిలోను ఏడువేలకు పైగా వెండి నాణెము లుండెను. అవి ఒక్కచోట నిలిచినవి గనుకనే పరమేశ్వరీలాల్ గుప్త వానిని పరిశీలించి 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పక్షమున గ్రంథముగా వెలువరింప గలిగెను. అవియే పదిమంది అభిమానుల పెట్టెలలోనికి పోయియుండినచో, పదిమందికి అందమైన నాణెములుండెడివి. అమరావతి నిధి యనునది మాత్రము ఉండెడిది కాదు.

ఇక చట్టము. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికినవాడు దాని స్వరూపమును, దొరికిన చోటును, తేదీని కలెక్టరుకు వ్రాతమూలముగ తెలుపవలెను. తెలుపనిచో తన భాగమును కోల్పోవుటయే గాక, ఏడాది వరకు కారాగారశిక్షకును పాత్రుడగును. తెలిపినవానికో? ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువను, దానిలో అయిదవవంతును కలిపి యిచ్చును. అపురూపమైన వరహాకును, నిన్న కరిగించిన బంగారపు ముక్కకును ఈ లెక్కలో భేదమే లేదు! బావి త్రవ్వుచు లంకెబిందె చూచిన రైతు, కచ్చేరీల చుట్టు తిరుగుటా, చీకటిపడగానే కంసాలి ఇంటికి పోవుటా యని తలపోయునపుడు, మన చట్టమే అతనిని కంసాలి వాకిటివైపు త్రోయుచున్నది. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు నిండిన నాణెమును పురావస్తువుగా నెంచి, విదేశములకు తరలింపకుండ అడ్డుకట్ట వేసినది. వ్యాపారికి లైసెన్సు కావలెనన్నది. మంచిదే. కాని కంసాలి కుంపటికి లైసెన్సుతో పనిలేదు.

మ్యూజియములనైనను అన్నిటిని వెనుకవేసికొని రాలేను. ఒకానొక ప్రదర్శనశాలలో అద్దము వెనుక దుమ్ములో పడియున్న నాణెముల వరుసను చూచితిని. చీటిమీద రెండే మాటలు: “నాణెములు. రాగి.” ఏ యూరిలో దొరికినవి? ఎవరు తెచ్చిరి? వాని వెనుకవైపున నేమున్నది? అడిగినపుడు అక్కడి యుద్యోగి మర్యాదగానే నవ్వెను. ఆ నాణెములు భద్రముగ నున్నవి. కాని అవి భూమిలో నున్నపుడే ఎక్కువ విషయము చెప్పగలిగియుండెను.

తిరుమల ఆలయపు శాసనముల నిక్కడ తలచుకొనవలెను. 1514లో ఉదయగిరి జయము తరువాత కృష్ణదేవరాయలు ముప్పదివేల బంగారు వరహాలతో స్వామికి కనకాభిషేకము చేయించెను. దేవాలయమునకు వరహా పూజాద్రవ్యము, ప్రదర్శన వస్తువు గాదు. బంగారము రూపములు మార్చుకొనును. కాని ఎవరిచ్చిరి, ఎన్ని యిచ్చిరి, ఏ దినమున నిచ్చిరి యనునది శాసనమున నిలిచెను. సామాన్యదాతలు నైవేద్యమునకై సమర్పించిన “నర్పణముల” లెక్కయు నట్లే నిలిచెను. 1930 ప్రాంతములలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషితో దేవస్థానమువారు ఆ శాసనములను పరిశోధించి ప్రకటింపబట్టి మనకవి అందినవి. నాణెములు కంటికి దూరమైనను వ్రాత వాని చరిత్రను కాపాడెను. పైని చెప్పిన అద్దాలపెట్టెలో నాణెములున్నవి, వ్రాత లేదు. రెండింటిలో ఏది పెద్ద నష్టమో పాఠకులే తూచుకొనవచ్చును.

నా మట్టుకు తోచిన తీర్పిది. కుండతో దొరికినది, ఒక్క నాణెమైనను విడువక, కుండ పెంకులతోసహా మ్యూజియమునకు పోవలెను. దొరికినవానికి బజారు విలువయే ఈయవలెను. ఇంగ్లండులో 1996 నాటి చట్టము అట్లే బజారు విలువను లెక్కగట్టించుచున్నది. నిధి కానట్టి విడి నాణెము సేకరణకర్త యింట నుండిన ముప్పులేదు, దాని పుట్టుచోటు ఒక పుస్తకములో ఎక్కినచో. ఆ దేశమున 1997 నుండి ఇట్టి చిన్నవస్తువులను చూచి, కొలిచి, వ్రాసికొని, తిరిగి యజమానికే యిచ్చు ఏర్పాటున్నది.

అట్టి ఏర్పాటు ఇక్కడికి వచ్చులోపల బడిలో ఒక నోటుబుక్కు చాలును. ఇంట తాతలనాటిదని పిల్లవాడొక డబ్బు తెచ్చినపుడు దానిమీద పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో రెండువైపుల బొమ్మలును దిగును. కంసాలి త్రాసులో తూకము, ఊరిపేరు, ఎవరి యింటిది, ఎట్లు వచ్చినది, తేదీ: ఇవి వ్రాసికొని నాణెమును వాని చేతికే ఇచ్చివేయవచ్చును. నేలలో దొరికినదైనచో కలెక్టరుకు తెలుపవలసిన సంగతి తలిదండ్రులకు చెప్పవలెను. వాడు దానిని మెరిపించి తెత్తునని చింతపండు చేతబట్టునేమో, అది మాత్రము కూడదు; ఆ పులుపుకు మొదట పోవునవి అక్షరములే.