పీపాలో మాగే టెకీలా: ధరలో వడ్డీ, తరుగు

ఆమదాలవలస: కిత్తనార అనగానే ఇక్కడి వర్తకులకు తాళ్లు, మోకులు గుర్తుకు వస్తాయి. ఆ జాతి మొక్కే మెక్సికోలో టెకీలాకు ముడిసరుకు. అక్కడి నీలి కిత్తనార కోతకు రావడానికి 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. ఆకులు నరికి, దుంపను ఉడికించి, రసం పులియబెట్టి బట్టీలో మద్యం దించుతారు.

అసలు ఖర్చు ఆపైన ఉంది. ఓక్ కర్రతో 2 నెలలు మాగితే 'రెపొసాదో'. 600 లీటర్లకు మించని పీపాలో ఏడాది ఉంటే 'అన్యేహో', 3 ఏళ్లయితే 'ఎక్‌స్ట్రా అన్యేహో'. పెట్టుబడిపై వడ్డీ, ఏటా ఆవిరయ్యే తరుగు ధరలో చేరతాయి. పాత బియ్యం లెక్కే. కాని మరీ మాగితే కర్ర వాసన కిత్తనార రుచిని మింగేస్తుంది. రంగు చూసి వయసు కట్టరాదు. 1 శాతం వరకు కారమెల్ వంటివి కలపడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయి.

దుంప ధర నిలకడలేనిది. 2018 ప్రాంతంలో కిలో 25 పెసోలు దాటినది 2024లో 10 లోపుకు జారింది. మంచి ధర చూసి నాటిన రైతుకు కోతనాటికి ఆ ధర లేదు.

చిత్తూరు జిల్లాలో కిత్తనార నుంచి తీసిన 'డెస్మండ్‌జీ' మద్యం 2011లో బజారుకు వచ్చింది. దాన్ని టెకీలా పేరుతో అమ్మరాదు. 1974లో మెక్సికో ఆ పేరును తన నిర్ణీత ప్రాంతాల సరుకుకే పరిమితం చేసింది.