రక్తపు చుక్కలో గుండె భవిష్యత్తు

ఛాతీలో నొప్పితో ఇంటి పెద్దను ఆసుపత్రిలో చేర్చారు. కొంతసేపటికి నొప్పి తగ్గింది. బయట నిరీక్షిస్తున్న కుటుంబం అడిగే ప్రశ్న ఒక్కటే: “అబ్బాకు ప్రమాదం తప్పినట్టేనా, డాక్టరు గారూ?” నొప్పి తగ్గినంత మాత్రాన ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. అందుకే వైద్యులు ఇ.సి.జి.తోపాటు రక్తపరీక్షను కూడా ఆశ్రయిస్తారు.

గాయాన్ని తెలిపే ట్రోపోనిన్

గుండెపోటును గుర్తించడానికి రక్తపరీక్ష ఉపయోగపడుతుందని 1954లోనే వెల్లడైంది. అయితే ఆనాడు కొలిచిన ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైము కాలేయం దెబ్బతిన్నా పెరుగుతుంది. నేడు దాని స్థానాన్ని ట్రోపోనిన్ ఆక్రమించింది. ఇది గుండె కండరంలో ఉండే ప్రోటీను. కండరం దెబ్బతింటే కొన్ని గంటల్లోనే రక్తంలో దీని పరిమాణం పెరుగుతుంది. నొప్పి మొదలైన వెంటనే చేసిన పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. కనుకనే వైద్యులు మరికొంత సమయం తర్వాత మళ్లీ రక్తం తీస్తారు. మొదటి ఫలితం చూసి “ఇది గ్యాస్ నొప్పే” అనుకుని రోగిని ఇంటికి తీసుకుపోవడం ప్రాణాంతకం కావచ్చు.

ట్రోపోనిన్ రానున్న ప్రమాదాన్ని కూడా సూచిస్తుంది. 1996లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. అందులో 1,404 మంది హృద్రోగులను పరిశీలించారు. ట్రోపోనిన్ తక్కువగా ఉన్నవారిలో 42 రోజుల్లో నూటికి ఒకరు మరణించగా, ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు 3.7 శాతానికి చేరాయి. ఎవరికి తక్షణం గట్టి చికిత్స అవసరమో నిర్ణయించడానికి ఇటువంటి పరిశోధనలే దారి చూపాయి.

భారాన్ని తెలిపే బి.ఎన్.పి.

రెండవది బి.ఎన్.పి. జపాన్ శాస్త్రవేత్తలు 1988లో దీనిని మొదట పంది మెదడులో కనుగొన్నారు. కాని ఇది ప్రధానంగా గుండె జఠరికలలోనే తయారవుతుందని తర్వాత తేలింది. గుండె గోడలపై ఒత్తిడి పెరిగినప్పుడు ఇది అధికంగా స్రవిస్తుంది. గుండె బలహీనపడి ఆయాసంతో చేరిన రోగికి చేరిననాడు, ఇంటికి పంపేముందు ఈ పరీక్ష చేసి పోల్చి చూస్తారు. చికిత్స పొందినా ఈ అంకె తగ్గకపోతే, రోగి మళ్లీ ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఎక్కువ.

అంకె తీర్పు కాదు

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో ఈ రెండూ పెరగవచ్చు. స్థూలకాయులలో బి.ఎన్.పి. తక్కువగా కనిపించవచ్చు. కనుక నివేదికలోని అంకెను చూసి ఇంట్లోవారే నిర్ధారణకు రావడం తగదు. వయస్సు, ఇ.సి.జి., ఎకో పరీక్ష, ఇతర వ్యాధులు వీటన్నింటితో కలిపి చూసినప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది.

రోగిని ఇంటికి తీసుకువెళ్లేముందు వైద్యుణ్ణి మూడు విషయాలు అడగండి: అంకె పెరుగుతున్నదా, తగ్గుతున్నదా? మళ్లీ పరీక్ష ఎప్పుడు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? నివేదికలన్నీ భద్రపరచండి. నొప్పి పోయిందని మందులు మాన్పించకండి. ప్రమాదం ఎక్కువని చెప్పే అంకె నిరాశ పడమని చెప్పడం లేదు, మరింత జాగ్రత్త వహించమని ముందుగా హెచ్చరిస్తున్నది.