సబ్‌స్క్రైబర్లను పెంచుతామంటూ ఫోన్ చేసేవాళ్లను నమ్మొచ్చా?

దేశీ బియ్యం, బెల్లం, మామిడి నేరుగా అమ్ముకుంటున్న మనవాళ్లలో చాలామంది ఇప్పుడు యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు. ఛానల్ పెట్టిన కొన్నాళ్లకే మెసేజ్ వస్తుంది: "సార్, వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, నాలుగు వేల గంటల వాచ్ టైం గ్యారంటీ." ఆ అంకెలు ఊరికే చెప్పరు. యాడ్స్ మీద ఆదాయం రావాలంటే యూట్యూబ్ అడిగేది అవే: 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ. షార్ట్స్‌కైతే లెక్క వేరు. మనం ఎక్కడ ఆగిపోయామో చూసి అక్కడే వల వేస్తారు.

వీళ్లు చేసే పని రెండు మూడు రకాలు. కొందరు మన అకౌంట్‌ను సాఫ్ట్‌వేర్‌కి కట్టేస్తారు. అది రోజంతా ఎవరెవరినో ఫాలో అవుతూ, లైకులు కొడుతూ, వాళ్లు తిరిగి ఫాలో కాగానే వదిలేస్తుంది. ఈ పనిలో బాగా పేరున్న ఇన్‌స్టాగ్రెస్, ఇన్‌స్టాగ్రామ్ అడగడంతో 2017లో మూతపడింది. ఇంకొందరు మనుషులే లేని అకౌంట్లు అమ్ముతారు. అమెరికాలో దేవుమి అనే కంపెనీ ఇలాగే దొంగ ఫాలోవర్లను అమ్మితే, 2019లో దాని యజమాని మీద 25 లక్షల డాలర్లకు తీర్పు పడింది. కాబట్టి వెబ్‌సైట్ బాగుందని, ఇంగ్లీషులో మాట్లాడారని నమ్మేయకండి.

"అంకె పెరిగితే నాకేం నష్టం?" అంటారు కొందరు. యూరియా చల్లితే వారంలో పచ్చబడుతుంది, ఆ తర్వాత సంగతి మనకి తెలియనిదా! దొంగ సబ్‌స్క్రైబర్ వీడియో చూడడు, బియ్యం కొనడు. యూట్యూబ్ నిబంధనల ప్రకారం ఇది తప్పు. కొన్న అంకెను తీసేస్తారు, ఒక్కోసారి ఛానలే పోతుంది. ఛానల్ పోతే ఏటా 25 కిలోల బస్తా తెప్పించుకునే కుటుంబం మనల్ని ఎక్కడ వెతుక్కోవాలి? పైగా మందులు కొట్టలేదన్న మన మాట మీదే కదా వాళ్లు కొనేది. అంకె దొంగదని తెలిశాక ఆ మాటని ఎందుకు నమ్ముతారు?

విత్తనాన్ని 100 గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూసుకుంటాం కదా, ఇక్కడా అలాగే చూసుకోవాలి. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగారా, మాట అక్కడితో ఆపేయండి. నిజంగా సాయం చేసేవాళ్లకి పాస్‌వర్డ్ అక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో పర్మిషన్స్‌కి వెళ్లి వాళ్ల మెయిల్‌కి ఎడిటర్‌గా అనుమతి ఇవ్వొచ్చు, వద్దనుకున్న రోజు తీసేయొచ్చు. తర్వాత, జనం ఎక్కడి నుంచి వస్తారని అడగండి. "మాకు నెట్‌వర్క్ ఉంది సార్" అంటే అది జవాబు కాదు. యాడ్స్ ద్వారా అంటే మన సొంత గూగుల్ యాడ్స్ అకౌంట్ నుంచే పెట్టమనండి, ఎంత ఖర్చయిందో మనకే కనిపిస్తుంది. పాత కస్టమర్ ఒకరి అనలిటిక్స్ వాళ్ల ఎదురుగానే తెరిచి చూడండి. తెలుగులో చెప్పిన జీవామృతం వీడియోకి ఎక్కువ వ్యూస్ తెలుగు రాని దేశాల నుంచి, అవీ పది సెకన్లకే ఆగిపోయి ఉంటే విషయం అర్థమైపోతుంది. ఇక గ్యారంటీ అంటారా, ఎకరానికి ఇన్ని బస్తాలు గ్యారంటీ అని విత్తనం అమ్మేవాడిని ఎంత నమ్ముతామో అంతే.

ఆటోమేషన్ అంతా చెడ్డదని కాదు. మనం పొలంలో ఉన్నప్పుడు వాట్సాప్ బిజినెస్ దానంతటదే రేట్లు చెప్పడం, వీడియోకి ముందే టైం పెట్టి వదలడం మంచి సదుపాయాలు. అవి మన పని తగ్గిస్తాయి, లేని మనుషుల్ని పుట్టించవు.

ఇంకో రకం మోసం ఉంది. స్పాన్సర్‌షిప్ ఇస్తామని మెయిల్‌లో ఫైల్ పంపుతారు. కంప్యూటర్‌లో తెరిస్తే లాగిన్ వివరాలు దొంగల చేతికి పోతాయి, ఇక వాళ్లకి ఓటీపీ కూడా అక్కర్లేదు. యూట్యూబర్ల మీద ఇలాంటి దాడుల గురించి గూగుల్ 2021లోనే హెచ్చరించింది.

ఇప్పటికే ఎవరికైనా వివరాలు ఇచ్చి ఉంటే ఈరోజే పాస్‌వర్డ్ మార్చండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, గూగుల్ అకౌంట్‌లో తెలియని యాప్‌లకున్న అనుమతులు తీసేయండి. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఫోన్‌లో ఈ సెట్టింగ్స్ ఎక్కడుంటాయో కింది వీడియోలో ఒక్కొక్కటిగా చూపించాం.